అడ్డనామాల బాతు

ఆ రోజుల్లో అంటే ఇదేదో ఎడ్లబండ్ల కాలం కబురు అనుకునేరు. మహా అయితే పది పన్నెండేళ్ల కిందటి మాట. అప్పటికే అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఫోన్లలో గ్రూపులున్నాయి, గ్రూపుల్లో పొద్దున్నే పూలగుత్తులు పంపే పెద్దమనుషులూ ఉన్నారు. మధిరలో రైలు కూతల మధ్య పెరిగిన నేను టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక గురుకులంలో సైన్సు టీచరుగా చేరాను. మొదటి ఉద్యోగం. అప్పటిదాకా నేను పేరుపెట్టి చెప్పగల పక్షులు మూడే: కాకి, కోడి, దసరా నాడు చూసే పాలపిట్ట. (పాలపిట్టను కూడా మా నాన్న వేలు పెట్టి చూపించి "అదిగో, దండం పెట్టుకో" అంటే తప్ప సొంతంగా గుర్తుపట్టిన పాపాన పోలేదు.) అలాంటిదాన్ని, ఆ ఏడు వానలు వెనకబట్టి, కార్తీకం చలి మొదలయ్యేసరికి, మెడలో బైనాక్యులర్స్ తగిలించుకుని తెల్లవారుజామునే చెరువు గట్లెంట తిరిగే మనిషినైపోయాను. ఎందుకంటే ఏం చెప్పను! ఆ మంచులో నిలబడి నిన్నటిదాకా వినని గొంతు ఒకటి వింటే, ఆ పిట్ట ఎక్కడో కొండల అవతల బయల్దేరి, ఇన్ని ఊళ్లు వదిలేసి, నా చెరువునే వెతుక్కుంటూ వచ్చిందనిపించేది. ఇరవై నాలుగేళ్ల వయసులో ఎవరైనా మనకోసం అంతదూరం వస్తున్నారంటే ఎంత బాగుంటుందో మీకు తెలియంది కాదు.

ఖమ్మంలో పక్షులు చూసేవాళ్ల గ్రూపొకటి ఉంటే అందులో చేరాను. దానికి పెద్దదిక్కు ఒక రిటైర్డ్ లెక్చరర్. ఆయన్ని అందరూ బైనాక్యులర్ సార్ అనేవాళ్లు. స్నానానికి వెళ్లినా అది మెడలోంచి తీయడని ప్రతీతి. చేరిన వారానికే ఉత్సాహం పట్టలేక ఒక ఫోటో పెట్టి "అరుదైన డేగ" అని రాశాను. అరగంటలో సార్ జవాబు: "మేడమ్, అది మన సంతలో చేపల బండి మీద తిరిగే గద్ద. దాన్ని గరుత్మంతుణ్ని చేయకండి. కాస్త పుస్తకం చదివి పోస్టు పెట్టండి." కింద ముప్ఫై మంది పళ్లికిలించిన బొమ్మలు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. ఈ చుట్టుపక్కల ఎవరూ చూడని పక్షిని చూసి, వీళ్లందరి చేతా "శభాష్ మేడమ్" అనిపించుకోకపోతే నా పేరు మార్చుకుంటానని ఒట్టేసుకున్నాను.

పుస్తకం తిరగేస్తే దొరికింది నాకు కావలసిన పక్షి. తెల్లటి తల, దాని మీద అడ్డంగా రెండు నల్లటి గీతలు. హిమాలయాల మీదుగా ఎగిరొచ్చే పెద్దబాతు. గ్రూపులో అందరూ దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరు వాడేవాళ్లు గానీ, నేను ముద్దుగా అడ్డనామాల బాతు అని పెట్టుకున్నాను. (నిలువు నామాల రాముడున్న భద్రాచలం వైపు అడ్డనామాలతో రావడానికి దానికెంత ధైర్యమో అని నాలో నేనే నవ్వుకునేదాన్ని.) మన జిల్లాలో అది ఎవరికీ కనపడినట్టు గ్రూపు లిస్టులో లేదు. అది చాలు నాకు.

ఒక శుక్రవారం పొద్దున, అడవిని ఆనుకుని ఉన్న చెరువు గట్టు మీద స్కూటీ ఆపాను. చెరువు కింద వరికోతలైన మడులన్నీ మంచులో మునిగిపోయి ఉన్నాయి. ఆకాశమేదో పొలమేదో తెలియడం లేదు. ఆ తెల్లదనం లోపల్నుంచి సన్నగా, గుసగుసగా, వందల గొంతుల మాటలు. బైనాక్యులర్స్ పెట్టుకున్నాను. మంచు ఒక్క క్షణం పలచబడింది. బూడిదరంగు వీపులు, కదిలే మెడలు, వాటి మధ్యలో, అన్నిటికంటే ఎత్తుగా, ఒక తెల్లటి తల! దానిమీద రెండు నల్ల గీతలు! రెప్ప వేసి తీసేలోగా మళ్లీ మంచు కప్పేసింది. ఎంతసేపు నిలబడ్డా ఇంకేం కనపడలేదు. నేను మాత్రం ఆ గట్టు మీద ఒక్కదాన్నే నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాను, నిజం.

బడికి రాగానే వంట చేసే అక్కను పట్టుకున్నాను. ఆమెది ఆ చెరువు పక్క అడవి పల్లెనే. "అక్కా, చెరువు కింద పొలాల్లో బాతుల గుంపు చూశావా?" "అవ్ టీచరమ్మా, చూసిన. యేటేటా వస్తయి. కోతలైనంక వచ్చి, నెల దినాలుండి పోతయి." "ఎక్కణ్నుంచి వస్తాయి?" "శానా దూరం నుంచి. నీళ్లు బాగున్న దిక్కు నుంచి అంటరు. గట్ల ఉరుకుతవేంది, చాయ్ తాగి పో!" ఇంకెక్కడి చాయ్. కోతలవగానే రావడం, నెలుండి పోవడం, దూరదేశం, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉంటే! సిగ్నల్ కోసం బడి మేడెక్కి పోస్టు పెట్టాను: "అడ్డనామాల బాతులు. నాలుగు వందలకు తక్కువ ఉండవు." చూసింది ఒక్క తల. తక్కిన మూడువందల తొంభై తొమ్మిది తలలకూ నామాలు నేనే దిద్దాను. సార్ అడిగితే తడుముకోకుండా "స్వయంగా చూశాను" అన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు.

శనివారం పిల్లలకు పరీక్షలు, కదలడానికి లేకపోయింది. ఆదివారం తెల్లారేసరికి ఖమ్మం నుంచి మూడు కార్లు దిగాయి. బైనాక్యులర్ సార్ కారు దిగుతూనే నాతో చెయ్యి కలిపి, "నిజమైతే మేడమ్, మీకు సన్మానమే" అన్నాడు. మంచు దట్టంగా ఉంది. పదిహేను మందిమి గట్టు మీద వరసగా, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. లోపల్నుంచి అవే గుసగుసలు. సార్ మొహం చంటిపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. "వినండి, వినండి, ఎన్ని వేల మైళ్ల ప్రయాణమో" అని మెల్లగా అన్నాడు. నా జన్మ తరించింది. ఆ నిమిషం అక్కడే ఆగిపోతే ఎంత బాగుండేది!

సూర్యుడు పైకొచ్చాడు. మంచు లేచింది. గుంపు కనపడింది. గుంపు వెనకాల, గొంగళి కప్పుకుని, చివర ప్లాస్టిక్ కవరు కట్టిన పొడుగాటి వెదురుకర్ర పట్టుకుని, "బా... బా... బాబాబా" అని పిలుస్తూ ఒక మనిషి కూడా కనపడ్డాడు. కొల్లేరు వైపు నుంచి కోతలైన పొలాల్లో రాలిన గింజల కోసం ఏటా బాతుల్ని తోలుకొచ్చే కాపరి. నాలుగు వందలూ పెంపుడు బాతులే. మొదట ఎవరు నవ్వారో తెలియదు గానీ ఆ నవ్వుకు, ఫోటోల కోసం గట్టు దిగినవాళ్ల హడావుడికి, బాతులన్నీ బెదిరి తలోదిక్కూ చెదిరిపోయాయి. సార్ మాత్రం నవ్వలేదు. బైనాక్యులర్స్ అద్దాలు తుడుచుకుంటూ, "వచ్చేసారి కోళ్లు కనపడ్డా కబురు చేయండి మేడమ్" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ ఇడ్లీలు తినడానికి కొత్తగూడెం బయల్దేరారు. నేను స్కూటీ స్టార్టవడం లేదని అబద్ధమాడి అక్కడే ఉండిపోయాను.

గట్టు మీద కూలబడి ముక్కు చీదుతుంటే కాపరి చెదిరిన బాతుల్ని ఒక్కటొక్కటిగా మళ్లేసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "ఏమండమ్మా, నా బాతుల వల్ల మీకేదో మాటొచ్చినట్టుంది" అన్నాడు. ఆయన బాతుల్ని చెదరగొట్టింది మేము, క్షమాపణ చెప్పేది ఆయన. నాకు ఇంకా ఏడుపొచ్చింది. మొదట్నుంచీ అంతా చెప్పేశాను, గద్ద దగ్గర్నుంచి. ఆయన శ్రద్ధగా విని, "నా వాటిల్లో ఒకటి నాది కాదండమ్మా" అన్నాడు.

నన్ను పొలం చివరకు తీసుకెళ్లాడు. గట్టు చాటున తుంగలో, మెడ రిక్కించి మమ్మల్నే చూస్తూ అది! తెల్లటి తల, రెండు నల్ల గీతలు. "బుధవారం వాలిందండి, ఒంటరిది. రెక్కలెత్తలేకుండా ఉంది. మావాటితోపాటే మేస్తంది. తలకాయ మీద అడ్డంగా నామాలెట్టుకుంది, సూడండి" అన్నాడు. నా చెయ్యి దానంతటదే ఫోన్ మీదకు పోయింది. ఎప్పుడూ లేనిది, ఆ పొలంలో సిగ్నల్ కూడా ఉంది. ఒక్క ఫోటో పెడితే చాలు, ఇడ్లీలు వదిలేసి అందరూ వెనక్కి వస్తారు. శభాష్ మేడమ్! సన్మానం!

"మీవోళ్లని పిలుస్తారాండి?" అని కాపరి మెల్లగా అడిగాడు. "పిలుచుకోండి, పొలం నాది కాదు. కాకపోతే ఇయ్యాల బెదిరాయి కదా, రేపు సగం గుడ్లు పెట్టవు. అయినా నావి ఇక్కడే ఉంటాయి, ఎక్కడికి పోతాయి? ఇదైతే బెదిరి లేచిందంటే సగం దోవలో పడిపోద్దండి. నాలుగు రోజులు మేస్తే గానీ దానికి ఓపిక రాదు." నేను ఆ పక్షి వైపు చూశాను. అది నన్ను కాసేపు చూసి, ఏమనుకుందో, తల దించి గింజలు ఏరుకోవడం మొదలుపెట్టింది. ఫోన్ సంచిలో పెట్టేశాను. (మహా త్యాగమేం కాదు. పెట్టాక రెండుసార్లు మళ్లీ బయటికి తీశాను.) ఎండెక్కేదాకా ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఆయన సత్తు గిన్నెలో కాచిన టీ ఇచ్చాడు. అంత బాగున్న పొద్దు నా జన్మలో మళ్లీ చూడలేదు.

వంటక్క మీద మాత్రం విరుచుకుపడ్డాను. "పెంపుడు బాతులని చెప్పొద్దా?" అంటే, "నువ్వు బాతుల్ని అడిగితే బాతుల్ని చెప్పిన. మనిషిని అడిగినవా?" అంది. ఆ తర్వాతి శుక్రవారం చెరువు దగ్గరికి వెళ్తే కాపరి ఆకాశం వైపు కర్ర ఎత్తి, "పొద్దున్నే లేచిపోయిందండి, రెండు చుట్లు తిరిగి మరీ" అన్నాడు. గ్రూపులో నాకు బాతుల మేడమ్ అనే పేరు స్థిరపడిపోయింది. నిన్నగాక మొన్న చేరినవాళ్లు కూడా అలాగే పిలుస్తారు, అదేదో నా చదువుకు వచ్చిన బిరుదనుకుని.

కిందటేడు కార్తీకంలో గ్రూపు గ్రూపంతా గోల. బైనాక్యులర్ సార్‌కి ఒక చెరువులో అడ్డనామాల బాతు దొరికింది. జిల్లాలో మొట్టమొదటిది! ఫోటో స్పష్టంగా ఉంది. వంద మంది శభాష్‌లు. నేనూ ఒక దండం బొమ్మ పెట్టాను. ఆ సాయంత్రం సార్ ఫోన్ చేశాడు. గొంతు బాగా ముసలిదైపోయింది. ఆయాసపడుతూ, చంటిపిల్లాడిలా సంబరపడుతూ, ఎలా చూశాడో అంతా చెప్పి, ఉన్నట్టుండి ఆగి, "అవునూ మేడమ్, ఆ రోజు మీరు నిజంగానే చూశారా?" అన్నాడు.

కిటికీ బయట సన్నగా మంచు దిగుతోంది. "లేదు సార్. వట్టి బాతులే. మొదటిది మీదే" అన్నాను. అటువైపు ఆయన హాయిగా నవ్వాడు. ముప్ఫై నవ్వు బొమ్మలు చూసి అన్నం మానేసిన ఆ పిల్ల గనక పక్కనుండి ఈ మాట వింటే, నా జుట్టు పట్టుకుని పీకేసేది.