తిరిగి రావలసిన గుడ్డ

ఆ రోజుల్లో, అంటే నాలుగేళ్ల కిందట, నేను మాట్లాడిన మాటల కన్నా రాసుకున్న మాటలే ఎక్కువ. ఆటోలో దిగాల్సిన చోట "ఆపండి" అనలేక, ఇంకెవరో ఆపమన్నప్పుడు రెండు స్టాపుల అవతల దిగి వెనక్కి నడిచిన రోజులు నా డైరీలో చాలానే ఉన్నాయి. అలాంటిదాన్ని హనుమకొండలో ఒక కాలేజీ లైబ్రరీలో పనికి తీసుకున్నారు. నిశ్శబ్దంగా ఉండమని గోడకు బోర్డు పెట్టే చోటు కాబట్టి సరిగ్గా సరిపోయాను. గడువు దాటిన పుస్తకాలకు చీటీలు రాయడం నా పని: "దయచేసి వెంటనే తిరిగి ఇవ్వగలరు."

అక్కడే ఫురోషికి గురించిన పుస్తకం దొరికింది. జపాన్‌లో ఒక చదరపు గుడ్డతో సీసా, పుచ్చకాయ, పుస్తకాలు, అన్నం డబ్బా, ఏదైనా కట్టేస్తారట. ముడి మారిస్తే అదే చేతిసంచి. బహుమతి ఇచ్చాక గుడ్డ మాత్రం ఇచ్చినవాళ్లకే తిరిగి వస్తుందట. (ఈ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశాను. పుస్తకాల్లో గీతలు గీయరాదని చీటీలు రాసేదీ నేనే.) ఇంటికి తెచ్చి నాయనమ్మకు బొమ్మలు చూపిస్తే, ఆమె కళ్లద్దాలు సవరించుకొని, "గిది మూట గాదె? మూట కట్టుడు గూడ బుక్కుల రాసిండ్రా? మీ తాత నూలు గిట్లనే కట్టుకొస్తుండె" అని నవ్వింది.

తాత మగ్గం మీద నేసిన చివరి గుడ్డ ఆమె పెట్టెలో ఉండేది. గజం పొడవు, గజం వెడల్పు, ముదురు నీలం, అంచుకు సన్నటి ఎర్ర గీత. ఏటా పెత్తర అమాసనాడు (పెద్దల పేరిట బియ్యం ఇచ్చే రోజు) నాయనమ్మ దాన్ని తాత ఫొటో ముందు పెట్టి, సాయంత్రం మళ్లీ మడతపెట్టి దాచేది. నేను దాన్ని అడగకుండా తీశాను. మా లైబ్రేరియన్ మేడమ్ సర్వపిండి తినాలని ఉందంటే నాయనమ్మ చేసి డబ్బాలో పెట్టింది. నా చున్నీలన్నీ పొడుగు, పుస్తకమేమో చదరం అంది. సాయంత్రానికి గుడ్డ పెట్టెలో ఉంటుంది కదా అనుకొని, పువ్వులాంటి ముడి వేసి తీసుకెళ్లాను.

మేడమ్ ముడి విప్పి, డబ్బా పక్కకు జరిపి, గుడ్డను రెండు చేతులా పట్టుకుంది. "అయ్యో బిడ్డా, జాకెట్ ముక్క గూడ పెట్టినవా! ఎంత మంచి చేనేత! గింత ఖర్చు ఎందుకే?" మా దగ్గర ఆడమనిషి చేతిలో గజం గుడ్డ పెడితే అది జాకెట్ ముక్కే, జపాన్ ఎవరికీ గుర్తుకు రాదు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. "పర్వాలేదు మేడమ్" అని వచ్చింది. మర్నాడు డబ్బా తిరిగి వచ్చింది, ఖాళీగా ఇవ్వకూడదని అందులో చక్కెర పోసి. గుడ్డ రాలేదు.

అమాసకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. అడగాల్సిన ఒక్క మాటను డైరీలో పదమూడు రకాలుగా రాసుకున్నాను. ("మేడమ్, ఆ గుడ్డకు ఒక కథ ఉంది" అన్నది నాకు బాగా నచ్చింది.) ఐదో రోజు, చివరికి, గడువు చీటీయే తీసుకొని, పుస్తకం పేరు ఉండాల్సిన చోట "నీలం గుడ్డ" అని రాసి ఆమె టేబుల్ దాకా వెళ్లాను. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. నీలం జాకెట్. రెండు చేతుల చుట్టూ ఎర్ర గీత. "ఎట్లుందే? టైలర్ వెంటపడి మరీ కుట్టించిన." చీటీ పిడికిట్లో నలిపి, "చాలా బాగుంది మేడమ్" అన్నాను. నిజంగానే బాగుంది, అదే నా బాధ.

ఆ సాయంత్రం నాయనమ్మకు అంతా చెప్పాను. జన్మలో నేను ఆగకుండా అంతసేపు మాట్లాడింది అప్పుడే. ఆమె వెళ్లి పెట్టె తెరిచి, లేదని తెలిసీ ఒకసారి లోపల చూసి, మూసింది. "అమాసనాడు ఆమెను బువ్వకు పిలువు. గా రైక తొడుక్కొని రమ్మను" అంది. "నువ్వే చెప్పాలె. చీటీ గీటీ రాయకు."

చెప్పాను. మధ్యలో ఏడ్చాను కూడా. మేడమ్ నోటి మీద చేయి పెట్టుకొని, "నీకు నోరు లేదానే? కత్తెర పెట్టకముందు ఒక్క మాట అంటే అయిపోతుండె గదా!" అంది. కానీ అమాసనాడు వచ్చింది, ఆ జాకెట్‌తోనే. నాయనమ్మ ఆమెను తాత ఫొటో ముందు పీట మీద కూర్చోబెట్టి, చేతి అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. "చెయ్యి కాడ జర బిగువైంది. వదులు చెయ్యమను. గుడ్డకు ఫికర్ లేదు, రంగు పోదు." తర్వాత ఫొటో వైపు తిరిగి, "సూస్తున్నవా? ఇన్నేండ్లు పెట్టెల పెట్టిన. ఇయ్యాల మనిషి మీద సూస్తున్న" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. మేడమ్ వెళ్లేటప్పుడు ఒక చిన్న పొట్లం నాయనమ్మ చేతిలో పెట్టింది. టైలర్ దగ్గర అడిగి తెచ్చిన కత్తిరింపు ముక్కలు.

అందులో ఎర్ర గీత ఉన్న జానెడు ముక్క ఇప్పుడు నా డైరీలో పేజీ గుర్తు. పక్కనే ఆ నలిగిన చీటీ. పుస్తకంలో రాసినట్టే గుడ్డ తిరిగి వచ్చింది, కాస్త తగ్గి. పుస్తకంలోని పెన్సిల్ గీత కూడా చెరిపేశాను. ఆటోలో ఇప్పుడు నేనే "ఆపండి" అంటున్నాను, కాకపోతే మెల్లగా. డ్రైవర్‌కు అది వినబడి బండి ఆపేసరికి ఒక స్టాపు దాటుతుంది. రెండు నుంచి ఒకటికి వచ్చాను కదా అనుకుంటూ వెనక్కి నడుస్తాను.