టామ్ పుట్టినరోజు కేకు

2000 మార్చి, ఆదివారం. ఉన్నవారు: నేను, మా ఆవిడ సుభద్ర, వైటూకే కంప్యూటర్ పనిమీద సిడ్నీ వచ్చి స్థిరపడిన అల్లుడు రవి.

రవి మమ్మల్ని సిడ్నీ బయట ఒక పాత ఊరు చూపించడానికి తీసుకెళ్లాడు. ఇంగ్లీషువాళ్లు తమ దేశపు పల్లెలాగే కట్టుకున్న ఊరది. పాత కోర్టు, జైలు చూసి చర్చికి వెళ్లాం. పక్కనే సమాధులు. కొడుకు సమాధి దగ్గర కూర్చున్న ముసలావిడ మాకు కేకు అందించింది.

"మా టామ్ పుట్టినరోజు. ఏటా ఒక్కదాన్నే తింటాను. కాస్త తినండి."

"శ్మశానంలో ఎలా తింటాం బాబూ?" అంది సుభద్ర.

"అత్తయ్యా, ప్లీజ్, ఆవిడ ఫీలవుతుంది."

సుభద్ర కేకును రుమాలులో మూటకట్టింది. ముసలావిడ మొహం చిన్నబోయింది.

మర్నాడు పొద్దున్నే సుభద్ర తలస్నానం చేసి, పోయినవాళ్లకు పెట్టినట్టే, కేకును పెరటి గోడమీద పెట్టి కాకి కోసం చూసింది. కాకి రాలేదు. నలుపూ తెలుపూ మాగ్‌పై పిట్ట ఒకటి వచ్చి ముట్టింది.

"టామ్ తిన్నాడండీ," అంది సుభద్ర. "ఆ తల్లికి ఎలా చెప్పడం?"