తెల్లకాళ్ళ కోళ్ళు

గుడ్లుపెట్టే కోడికి తోక కింద రెండు ఎముకలుంటాయి. వాటి మధ్య మూడు వేళ్ళు పడితే కోడి పెడుతున్నట్టు, ఒక్క వేలే పడితే మానేసినట్టు. ఈ మాట ఏ షెడ్డులో అడిగినా చెబుతారు. అక్క అక్కడితో ఆగేది కాదు, కాళ్ళు కూడా చూసేది. విడవకుండా పెట్టే కోడి ఒంట్లోని పసుపంతా సొనలోకి పోయి కాళ్ళు తెల్లబడతాయి. మానేసి నెలలు గడిస్తేగాని మళ్ళీ పసుపెక్కవు.

భర్త పోయాక తమ్ముడి పంచన చేరింది. పదిహేడేళ్ళుగా అతని షెడ్డులో పనికిరాని కోళ్ళని ఏరడమే ఆమె పని. జీతం లేదు. దాణా కొట్టు పక్కన ఓ గది, రెండు పూటలా తిండి. "మా వదిన వేళ్ళకి కళ్ళున్నాయి" అనేది మరదలు నలుగురిలో. "ఆ కళ్ళు అంట్ల గిన్నెల్ని మాత్రం చూడవు" అనేది వంటింట్లో.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. కోళ్ళు నోళ్ళు తెరిచి రొప్పుతూ, నీళ్ళు తాగి మేత వదిలేశాయి. పెంకులు బొటనవేలు ఆనిస్తే చిట్లేంత పల్చబడ్డాయి. ఆపైన గుడ్లే తగ్గిపోయాయి. సరుకు తగ్గితే ధరైనా పెరగాలి. వేడి చేస్తుందని జనం గుడ్లు తినడం మానుకున్నారు, పాడైపోతాయని దుకాణాలవాళ్ళు రెండు రోజులకి మించి కొనడం లేదు. గుడ్ల ధర రోజురోజుకీ దిగింది. మేత ధర ఉన్నచోటే కూర్చుంది.

ఓ సాయంత్రం తమ్ముడు షెడ్డులోకి వచ్చి నాలుగు కోళ్ళని తనే పట్టి చూశాడు.

"ఒక్క వేలే పడుతోందక్కా. రేపు అన్నీ కోతకి అమ్మేస్తున్నా."

"కాళ్ళు చూడరా, ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఎండకి ఆగాయంతే. చల్లబడితే పెడతాయి. ఓ పాతిక రోజులు ఓపిక పట్టు."

"పాతిక రోజుల మేత నువ్వు పోస్తావా?"

"నా దగ్గరేముందిరా?"

"మరి నోరెందుకు?"

గుమ్మంలోంచి మరదలు అందుకుంది. "కూర్చుని తినేవాళ్ళకి, కూర్చోబెట్టి మేపడం తేలిగ్గానే తోస్తుందిలెండి."

మర్నాడు పొద్దున్నే కోళ్ళ వ్యాపారి లారీ వేసుకొచ్చాడు. మొత్తం రెండు వేల కోళ్ళు. తమ్ముడు ముందు గదిలో కూలీలతో తూకం చూసుకుంటున్నాడు. వ్యాపారి షెడ్డులో ఒకవైపు నల్లబుట్టలు, మరోవైపు ఎర్రబుట్టలు పెట్టించి అక్క దగ్గరికి వచ్చాడు.

"మీ చెయ్యి గొప్పదని విన్నానక్కా. నిజమేనా, జనం ఊరికే అంటారా?"

ఆమె దగ్గర్లోని కోడిని పట్టి కాళ్ళు తిప్పి చూసింది.

"వీటిల్లో మళ్ళీ పెట్టేవి ఏవో చెప్పడం ఎవరి తరమూ కాదంటారు. మీకు తెలిస్తే ఎర్రబుట్టల్లో వెయ్యండి, చూద్దాం."

ఎర్రబుట్టలు కత్తి దగ్గరికి పోవని ఆమెకు తెలుసు. పెట్టే కోళ్ళని కోత ధరకే ఇచ్చి తమ్ముడు మోసపోతున్నాడనీ తెలుసు. అయినా మొదటి తెల్లకాళ్ళ కోడిని నల్లబుట్టలో పడెయ్యబోతే చెయ్యి రాలేదు. చీకటి పడేదాకా ఏరింది. ఒక్కటీ తప్పు బుట్టలో పడలేదు.

మూడు వారాలకి వానలు పడ్డాయి. ఆ చుట్టుపక్కల అందరూ కోళ్ళని కోతకిచ్చేసినవాళ్ళే. గుడ్డు దొరకడం గగనమై ధర రెండింతలైంది. తమ్ముడు వ్యాపారి షెడ్డుకి వెళ్ళి చూసి వచ్చాడు.

"ట్రే మీద ట్రే పేర్చుకుంటున్నాడు. ఏరిపెట్టింది నువ్వేనట."

"నీకు ముందే చెప్పాను కదరా."

"నాకు నోటితో చెప్పావు. వాడికి చేత్తో చేసిపెట్టావు."

మరదలు గది తాళంచెవి కోసం చెయ్యి చాపింది. "దాణా బస్తాలు వేసుకోవాలి వదినా, కాస్త తొందరగా తెమలండి."

బట్టల మూటతో ఆమె వ్యాపారి షెడ్డుకే వెళ్ళింది. అతను కుర్చీ వేయించాడు, మంచినీళ్ళిచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"ఇక్కడ కోళ్ళని ఏరి పెడతాను. ఓ మూల ఇంత చోటిస్తే చాలు" అంది.

వ్యాపారి నవ్వాడు. "ఏరడానికేముందక్కా ఇక్కడ? అన్నీ మీరు ఏరి పంపినవేగా. తీసెయ్యాల్సింది ఒక్కటీ లేదు."

ఆమె లేచి, వరస మొదట్లో ఉన్న బోనులో చెయ్యి పెట్టింది. తర్వాత దాని పక్క బోనులో. ఒక్కటైనా చెడ్డది దొరక్కపోతుందా అని వంగి వంగి పట్టి చూస్తూ సగం వరస దాటింది. వ్యాపారి లేచి వెనకే వచ్చాడు.

"కోళ్ళు బెదిరితే గుడ్లు తగ్గుతాయి. ఇక బయటికి రండక్కా" అన్నాడు.