ఐదో అంతస్తు ఎర్రపెట్టె

తిరుపతి ఫైర్ స్టేషన్‌లో ధనశేఖర్ కొత్తవాళ్లకు చెప్పే పాఠం చిన్నది. ఎత్తైన భవనంలో మంటకు ఒక అంతస్తు కిందే ఆగాలి. అక్కడి గోడలోని నీటిగొట్టానికి మన పైపు తగిలించి, నీళ్లు వచ్చాకే పైకెక్కాలి. ఇద్దరు వెళ్తే ఇద్దరూ రావాలి. వీపు మీది సిలిండర్ గాలి తగ్గి ఈల వేస్తే, ఎవరు పిలుస్తున్నా వెనక్కి తిరగాలి. పొగలో కళ్లుండవు. ముందువాడి భుజం మీద వెనకవాడి చెయ్యి ఉంటుంది. ధనశేఖర్ భుజం మీద ఏళ్ల తరబడి ఉన్న చెయ్యి మునికుమార్‌ది.

పోయిన ఎండాకాలం రేణిగుంట రోడ్డులో ఒక అపార్టుమెంటు ఆరో అంతస్తు అంటుకుంది. పొగ నల్లగా జుట్టు విరబోసుకుని కొండలవైపు పోతోంది. ఇద్దరూ పైపు చుట్ట మోసుకుని ఐదో అంతస్తు చేరి, మెట్ల పక్కన నీటిగొట్టం ఉండే ఎర్రపెట్టె తలుపు తీశారు.

లోపల స్వామి పటం, దీపం. గొట్టం మూతి ఉండాల్సిన చోట తెల్లటి టైల్స్, పసుపు బొట్లు. అంత తొందరలోనూ ధనశేఖర్ పటాన్ని రెండు చేతులా ఎత్తి, కాలు తగలని మూల పెట్టాడు. గొడ్డలితో టైల్స్ మీద కొట్టాడు. వెనక అంతా సిమెంటు.

కింద బండి దగ్గరున్నవాళ్లకు పైపు పైదాకా లాక్కురమ్మని వాకీటాకీలో చెప్పారు. పొగ ఒక్కో మెట్టే దిగి వస్తోంది. అప్పుడు వినిపించింది, పైన ఎవరో తలుపు మీద గిన్నెతో కొడుతున్న చప్పుడు.

"అన్నా, మనిషుండాది లోపల."

"వినపడతా ఉండాది. నీళ్లు రానీప్పా."

"నువ్వీడనే ఉండు. నేను పోయి ఎత్తుకొచ్చేస్తా."

"తలుపు తీస్తానే మంట నీ మింద పడతాది. ఏం పెట్టి ఆపుతావు?"

మునికుమార్ మెట్టెక్కాడు. ధనశేఖర్ అతని సిలిండర్ పట్టీ పట్టుకున్నాడు. అంతలో ఆ సిలిండర్ ఈల మోగింది. ఆ ఈలలోనే, గిన్నె చప్పుడు వింటూనే, అతన్ని కిందికి లాక్కొచ్చాడు.

వేరే ఇద్దరు పైపుతో పైకి చేరేసరికి ఆ చప్పుడు లేదు. గిన్నెతో కొట్టినామె పేరు చంద్రకాంతమ్మ.

ఒకరోజు టీ తాగుతూ మునికుమార్, "నువ్వు చేసింది కరెక్టేన్నా. అదే మింగుడుపడలే," అన్నాడు. తర్వాత చిత్తూరుకు బదిలీ అడిగి వెళ్లిపోయాడు.

ఆ గొట్టాన్ని తెరిపించాలని ధనశేఖర్ ఇప్పటికీ అక్కడికి పోతూనే ఉన్నాడు. మొన్న ఆ పెట్టె దగ్గరే, ఐదో అంతస్తులో ఉండే ప్రసన్నకుమారి కాఫీ ఇచ్చింది.

"పగలగొట్టమంటే ఎట్ల సార్? ఆ పొద్దు మంట మా ఇండ్లకాడికి దిగిందా? సామే ఆడ నిలబెట్టేసినాడు."

"పైన ఆయమ్మ పోయింది గదమ్మా."

"పాపం," అందామె. ఖాళీ కప్పు అందుకుని, "రోజూ దిగొచ్చి ఈడ పూలు పెట్టేది ఆయమ్మే," అంది.

పగిలిన టైల్స్ మార్చి, పెట్టెకు కొత్తగా రంగు వేశారు. లోపల వత్తి నిదానంగా వెలుగుతోంది. గొట్టం ఎక్కడుందో తడిమి చూద్దామని ధనశేఖర్ చెయ్యి చాపాడు.

"సార్, బూట్లు," అందామె మెల్లగా.

అతను వంగి లేసులు విప్పుకున్నాడు.