బతికున్న పెయింటరుకి నేను రాసిన నివాళి

నేనొక మనిషిని చంపాను. అదీ పట్టపగలు, విజయనగరంలో మా మేడమీద గదిలో, ఫ్యాను కింద కూర్చుని, చల్లారిపోయిన టీ తాగుతూ చంపాను. పోలీసులు రాలేదు గానీ, వాళ్లొచ్చి ఉంటే నాకు ఇంతకంటే మర్యాదగా ఉండేది. అసలు ఏం జరిగిందో మొదటినుంచీ చెబుతాను, వినండి.

తెలుగు అక్షరాలకు కొత్త రూపాలు గీసి, వాటిని కంప్యూటర్లోనూ ఫోన్లోనూ టైపు చేసుకునేలా తయారు చేయడం నా పని. ఫాంట్లు అంటారు. ఏ కంపెనీలోనూ చేరకుండా సొంతంగా చేస్తాను. మా అమ్మకి ఈ పని ఎంత వివరించినా ఎక్కలేదు. "మీ ఉష ఏటి సేస్తన్నాది?" అని పక్కింటావిడ అడిగితే, "అక్షరాలు దిద్దుతన్నాదమ్మా" అని చెప్పేది. ఇరవయ్యారేళ్ల పిల్ల ఇంకా అక్షరాలు దిద్దడమేమిటని ఆవిడ నన్ను చాలా జాలిగా చూసేది.

ఆ రోజుల్లో పిల్లల పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థవాళ్లు నాతో ఓ మాటన్నారు. "మీ పని చూపించే వెబ్‌సైటు ఒకటి పెట్టండి. అందులో మీ సొంత ఫాంటు ఒక్కటైనా ఉండాలి. నచ్చితే మా పుస్తకాలన్నీ దాంతోనే వేస్తాం." అంతే, నేను నేలమీద నడవడం మానేశాను.

సొంత ఫాంటుకి కావలసిన సరుకు నాకు రాజాంలో దొరికింది. అక్కడ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బజారువైపు నడుస్తుంటే, ఫ్లెక్సీల మధ్య ఇంకా మిగిలిపోయిన పాత పెయింటు బోర్డులు, గోడరాతలు కనిపించాయి. బియ్యం కొట్టు, టైలరు షాపు, ఎరువుల దుకాణం, అన్నింటి మీదా ఒకే చేతిరాత. నిండుగా, గుండ్రంగా, కడుపునిండా తిన్న మనుషుల్లా ఉన్నాయి ఆ అక్షరాలు. మూలన చిన్నగా "పైడి ఆర్ట్స్" అని సంతకం. నేను అక్కడే నిలబడి ఫోటోలు తీశాను. వెనక ఆటోవాడు హారన్ కొట్టీ కొట్టీ విసిగి దిగిపోయాడు.

చివరిగా ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపు దగ్గరికి వచ్చాను. దాని బోర్డు అన్నింటికంటే అందంగా ఉంది. లోపల యజమాని సింహాచలం గారు ఫోను చెవికి ఆనించుకుని ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నారు.

"ఈ బోర్డు ఎవరు రాశారండీ?" అన్నాను.

ఆయన మాట ఆపకుండానే గోడమీదికి వేలు చూపించారు. అక్కడ పెద్ద ఫ్రేములో ఒక పెద్దాయన ఫోటో ఉంది. బొట్టు పెట్టి, గంధపు దండ వేసి, పైన చిన్న ఎర్ర బల్బు వెలిగించారు.

అయ్యో, పోయారన్నమాట అనుకున్నాను. చెప్పులు విడిచాను. రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాను. ఒక నిమిషం పూర్తిగా నిలబడ్డాను. కళ్లు తెరిచేసరికి సింహాచలం గారు ఫోను పక్కన పెట్టి నన్నే చూస్తున్నారు. ఈ కాలంలో కూడా కళాకారులంటే ఇంత గౌరవమున్న పిల్లలున్నారా అనుకున్నారట, తర్వాత చెప్పారు. నేనేమో, పాపం, స్నేహితుణ్ణి తలుచుకుని బాధపడుతున్నారు, ఇంకేమీ అడగకూడదు అనుకుని, ఆ ఫోటోని ఫోటో తీసుకుని బస్సెక్కేశాను.

ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. కానీ మర్యాదస్తురాలిని కదా, అడగలేదు.

తర్వాత నెలల తరబడి ఆ అక్షరాలే గీశాను. బోర్డుల్లో దొరకని అక్షరాలను ఊహించి గీశాను. ఫాంటుకి "పైడి" అని పేరు పెట్టాను. ఇక వెబ్‌సైటు మొదటి పేజీలో ఆ దండ వేసిన ఫోటో పెట్టి, కింద ఒక నివాళి రాశాను. రాస్తూ నేనే ఏడ్చాను. "కుంచె నేల రాలింది. అక్షరం మాత్రం గోడమీద నిలిచే ఉంది. ఆ చేయి ఏనాడూ వణకలేదు. ఆయన 'క' చూడండి. ఎడమవైపు ఉన్నట్టుండి వంగుతుంది. అది నియమాలమీద ఒక కళాకారుడి తిరుగుబాటు." ఇలా చాలా ఉంది. అంతా చెబితే మీరు నన్ను క్షమించరు.

వెబ్‌సైటు తెరిచిన రోజు పొద్దున్నించీ ఫోను మోగుతూనే ఉంది. "కన్నీళ్లు ఆగలేదు", "మహానుభావుడు", "ఓం శాంతి". నా నివాళి ఎవరి చేతిమీదుగానో రాజాం వాట్సాప్ గ్రూపుల్లోకి కూడా వెళ్లింది. నేను గర్వంతో అమ్మకు చూపించాను. మధ్యాహ్నం అన్నం కలుపుతుండగా తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"ఉషేనా? నాను రాజాం ఫ్రేముల షాపు సింహాచలాన్ని. ఏటమ్మా నువ్వు సేసిన పని?"

"నచ్చిందాండీ?" అన్నాను సిగ్గుపడుతూ.

"నచ్చడమేటి! మా పైడిరాజు బావని సంపీసేవు కదే!"

"అయ్యో, ఆయన పోయారు కదండీ... మీ షాపులో దండ..."

"ఓర్నాయనో! దండలు అమ్మాలంటే ఒక ఫోటోకి ఏసి సూపించాల కదా. ఎవులు ఫోటోకి ఎయ్యమంటావు? ఎవులూ ఒప్పుకోరు. మా బావే, నాకలాంటి పట్టింపులు నేవురా, నాది ఎయ్యి అన్నాడు. పదేళ్లనుంచీ ఆ గోడకే ఉన్నాది!"

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"మరి రాజాంలో అందరికీ ఆయన బతికే ఉన్నారని తెలుసు కదండీ?" అన్నాను, ఏదో ఒక ఆశతో.

"తెలుసు. పొద్దున కూరగాయలు కొంటే సూసినోల్లు కూడా వొచ్చీసేరు పరామర్శకి. ఇంటర్నెట్‌లో ఏసేరు కదా, ఇంటర్నెట్‌కి తెలీదేటి అంటన్నారు. పాతపట్నం నుంచి ఆయన సెల్లెలు ఏడుసుకుంటూ బస్సు దిగింది. బావే తలుపు తీసేడు. ఆవిడ గుమ్మంలోనే పడిపోనాది. బేగి రా ఇక్కడికి!"

వెబ్‌సైటు మూసేసి మొదటి బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఒకటే భయం. ఆయన అనుమతి లేకుండా ఆయన అక్షరాలు తీసుకున్నాను. పైగా ఆయన్ని చంపాను. వద్దంటే ఫాంటు పోయింది, పుస్తకాల అవకాశం పోయింది, అన్ని నెలల కష్టం పోయింది. వద్దనడానికి ఆయనకు అన్ని హక్కులూ ఉన్నాయి.

పైడిరాజు గారింటి ముందు చాపలు పరిచి ఉన్నాయి. పరామర్శకు వచ్చినవాళ్లు వచ్చినట్టే కూర్చుని టీలు తాగుతున్నారు. మధ్యలో బనీను వేసుకుని చనిపోయినాయన కూర్చుని, అందరికంటే ముందు గ్లాసు ఖాళీ చేశారు. పక్కన ఆయన భార్య పోలమ్మ గారు.

వెళ్లి కాళ్లమీద పడ్డాను. "పెదనాన్నా, తప్పయిపోయింది. నన్ను ఏమన్నా పడతాను."

"లే తల్లీ, కూకో. టీ తాగు. ఇయ్యాల వొచ్చినోల్లంతా నాకు ఎంత మంచి పేరు సెప్తన్నారో! బతికుండగా ఇన్న మాటలు కావు ఇవి. ఆ ఎరువుల కొట్టోడైతే, 'నీ అంత పనోడు జిల్లాలో ఇంకోడు నేడు' అన్నాడు. పాతికేళ్లు నా బోర్డు కింద కూకున్నోడు ఒక్కనాడూ అన్నేదు."

పోలమ్మ గారు మాత్రం ఊరుకోలేదు. "నాకు బొట్టు సెరిపించడానికి నలుగురు వొచ్చేరు తెలుసా? ఈయనకి నవ్వులాటగా ఉన్నాది!"

నేను ఆవిడ కాళ్లమీద కూడా పడ్డాను.

"ఏదీ, నా అక్షరాలు సూపించు," అన్నారు పైడిరాజు గారు. లాప్‌టాప్ తెరిచాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగారు.

"ఇది నాదే. ఇదీ నాదే. ఇది నాది కాదు. ఈ 'ఞ' నాను పుట్టినకాడినుంచీ రాయనేదు. ఏ షాపోడికి కావాలమ్మా 'ఞ'?"

"అది నేను ఊహించి గీశాను."

"అలాగే ఉన్నాది. మరి ఈ 'క' ఎందుకిలా వొంగిపోనాది?"

"అది మీ బియ్యం కొట్టు గోడమీదిదే పెదనాన్నా. మీ తిరుగుబాటు..."

"తిరుగుబాటా! అక్కడ గోడకి మేకు ఉన్నాది. పీకితే పెచ్చు ఊడిపోతాదని పక్కనుంచి తిప్పీసేను!"

చాపలమీది జనం పొట్ట పట్టుకుని నవ్వారు. పాతపట్నం నుంచి ఏడుస్తూ వచ్చిన చెల్లెలు అందరికంటే గట్టిగా నవ్వింది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. కానీ ఆయన నవ్వలేదు. ఆ తెరమీద తన అక్షరాలను మళ్లీ మొదటినుంచీ చూశారు. "ఫ్లెక్సీలు వొచ్చిన కాడినుంచి కుంచె ముట్టనేదు తల్లీ. నా రాత ఇంక గోడల్తోటే పోతాది అనుకున్నాను," అన్నారు. తర్వాత లేచి లోపలికి వెళ్లి, ఎండిపోయిన కుంచెలు తెచ్చి కిరసనాయిలులో నానబెట్టారు. "రేపు రా. నానివన్నీ రాసిస్తాను. ఆ 'ఞ' నువ్వు ముట్టకు."

అయిదు రోజులు వెళ్లాను. పాత న్యూస్‌పేపర్ల మీద ఆయన ప్రతి అక్షరం, ప్రతి ఒత్తు రాసిచ్చారు. తలకట్టు ఊపిరి బిగబట్టి ఒకే ఊపులో ఎలా తియ్యాలో చేయి పట్టుకుని నేర్పించారు. పోలమ్మ గారు మొదటిరోజు నాతో మాట్లాడలేదు, రెండోరోజు అన్నం పెట్టారు, మూడోరోజు నుంచి ఆలస్యమైతే తిట్టారు. ఈరోజు నా ఫాంటుతో పిల్లలు కథలు చదువుతున్నారంటే అది వాళ్లిద్దరి మంచితనం. చంపినదానికి అన్నం పెట్టి పని నేర్పించే మనుషులు నాకు ఇంకెక్కడా కనబడలేదు. ఆ ఋణం నేను తీర్చుకోలేను, తీర్చుకోవాలనీ లేదు.

చివరిరోజు వెబ్‌సైటుకి కొత్తగా రాసింది చదివి వినిపించాను. పేరు, ఊరు, బతికున్న సంగతి అన్నీ సరిగ్గా ఉన్నాయి. పైడిరాజు గారు పెదవి విరిచారు.

"ఇది సప్పగా ఉన్నాది. ముందు రాసిందే బాగున్నాది."

"అది మీరు పోయారని రాసింది పెదనాన్నా!"

"అయితే ఏటి? అంత బాగా మళ్లీ ఎవులు రాస్తారు? పారీకు, దాసుకో. ఎప్పటికైనా పనికొస్తాది. నువ్వు మాత్రం తొందర పడకు."

పోలమ్మ గారు బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అన్నారు: "ఆ 'చేయి వణకలేదు' అన్న ముక్క ఇప్పుడే తీసీ. మొన్న నా పేరు గేటుమీద రాయమంటే గజగజ వణికింది."

తీసేశాను. మిగతాది కంప్యూటర్లో భద్రంగా దాచాను. ఆయనకు నూరేళ్లు నిండేదాకా, ఆ తర్వాత ఇంకొన్నేళ్లు కూడా, అది అక్కడే ఉండాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఇక పాఠకులందరి సాక్షిగా, అచ్చులమీద, హల్లులమీద, ఒత్తులమీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ఎవరినైనా స్వర్గస్థులని రాసేముందు స్వయంగా వాళ్లింటికి వెళ్తాను, తలుపు కొడతాను, ఆ మనిషే వచ్చి తలుపు తీస్తే మాత్రం ఒక్క అక్షరం కూడా రాయకుండా, పెట్టింది తినేసి వచ్చేస్తాను.