గ్రహణం ఎవరింట్లో పట్టింది

2017 ఫిబ్రవరి 2, గురువారం, ఆళ్లగడ్డ. హాజరైనవారు: శనగల వ్యాపారి నాగయ్య శెట్టి, ఆయన భార్య సరోజమ్మ, పురిటికి పుట్టింటికి వచ్చిన వారి కూతురు శైలజ, నంద్యాల నుంచి వచ్చిన వియ్యంకుడు, బట్టల వ్యాపారి సుబ్బరాయ శెట్టి, ఏఎన్ఎం సుజాత, నేను. చర్చకు కారణమైన పసిపాప లోపలి గదిలో తల్లి ఒడిలో ఉంది. పాప తండ్రి ప్రసాద్ రాలేదు. ఇద్దరూ వస్తే అంగట్లో ఎవరుంటారని సుబ్బరాయ శెట్టే కొడుకును ఆపేశాడట.

అప్పట్లో నేను ఆరోగ్య విస్తరణాధికారిని. డాక్టరు కింద, సూపర్‌వైజర్ల పైన ఉండే పదవి. మందు రాసే అధికారం ఉండదు, నచ్చజెప్పే బాధ్యత మాత్రం ఉంటుంది.

పాపకు అంగిలి చీలిక. అంటే నోటి పైకప్పు రెండు సగాలూ మధ్యలో కలవలేదు. పెదవి మామూలుగానే ఉంది కాబట్టి చూసేవారికి ఏమీ తెలియదు. ఇలాంటి బిడ్డకు చప్పరించే పట్టు దొరకదు. తాగిన కాసిని పాలు ముక్కులోంచి వస్తాయి. పెనుగులాడి, అలసి, ఆకలితోనే నిద్రపోతుంది. ఇంట్లోవాళ్లు కడుపు నిండిందనుకుంటారు. ఆ రోజు సుజాత తూకం వేస్తే పుట్టినప్పటికంటే తగ్గింది. పాలు పిండి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టమని ఆమె అంతకుముందే చెప్పింది. సరోజమ్మ ఒప్పుకోలేదు. చూడవచ్చినవాళ్లు ఉగ్గుగిన్నె ఎందుకని అడుగుతారట. ఆపరేషన్ ఏడాది దగ్గరపడ్డాక చేస్తారు. అంతదాకా బిడ్డ బతకాలి, బరువు పెరగాలి. మర్నాడే నంద్యాల పెద్దాసుపత్రికి పంపాలని చీటీ తీసుకుని వెళ్లాను.

చీటీ జేబులోంచి తీసేలోపే విచారణ మొదలైంది.

“ఏం బావా, గ్రహణం నాడు పిల్లను యాడ తిరగనిచ్చినావు?” అన్నాడు సుబ్బరాయ శెట్టి.

మా ప్రాంతంలో ఇలాంటి లోపాలన్నిటికీ గ్రహణం మొర్రి అనే ఒకే పేరు. అందుచేత జబ్బుకు కారణం వెతికే పని ఉండదు. ఇక మిగిలేది నేరస్థుణ్ణి పట్టుకోవడమే.

నాగయ్య శెట్టి లోపలికి వెళ్లి పంచాంగం తెచ్చాడు. “చూడు బావా, బాగా చూడు. పిల్ల కడుపుతో ఉన్నన్నాళ్లూ మన తట్టు గ్రహణమే లేదు. నీ అంగట్లో గుడ్డ మాదిరి సాగదీస్తే వస్తాదా?”

సుబ్బరాయ శెట్టి కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. “ఈడ లేకుంటే ఏమప్పా? ఆఫ్రికాలో పట్టింది. టీవీలో చూపించినారు. పిల్ల కూచోని చూసింది.”

“ఎవరి టీవీలో బావా?”

శైలజ ఏడో నెల దాకా నంద్యాలలో అత్తగారింట్లోనే ఉంది. టీవీ సుబ్బరాయ శెట్టిదే.

దాంతో ఇద్దరూ నా వైపు తిరిగారు. టీవీలో చూసిన గ్రహణం లెక్కలోకి వస్తుందా, రాదా? ప్రభుత్వం ఏమంటుంది? చూడడం వల్ల ఏ లోపమూ రాదని చెప్పాను. అంగిలి సగాలు కడుపులో మూడో నెల దాటేలోపే కలవాలి, కొందరిలో కలవవు, అందులో ఎవరి తప్పూ లేదని కూడా వివరించాను. ఆఖరి ముక్క ఇద్దరిలో ఒక్కరికీ వినపడలేదు.

నాగయ్య శెట్టి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “విన్నావా బావా? సారే చెప్తాండాడు. మూడో నెల అంటే పిల్ల మీ ఇంట్లోనే ఉండె.”

“నీ టీ తాగినాడు గదా, చెప్పకేం చేస్తాడు,” అన్నాడు సుబ్బరాయ శెట్టి.

టీ నేనింకా తాగలేదు. చీటీ బల్ల మీద పెట్టి, రేపు పొద్దున్నే వెళ్లాలన్నాను. ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. సారె లేకుండా బాలింత అత్తవారి ఊరు వెళ్లకూడదు. వెళ్లి ఆ ఇంటి గడప తొక్కకుండా తిరిగి వస్తే అది ఇంకో అవమానం. పైగా బిడ్డ ఎవరి కారెక్కితే తప్పు వాళ్లదని ఒప్పుకున్నట్టు. ఇద్దరికీ కార్లున్నాయి, ఇద్దరి కార్లలోనూ చోటు లేదు. పురుటి స్నానాలన్నీ అయ్యాక చూద్దామని చివరికి ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చారు. ఆ సాయంత్రం వారు ఏకీభవించిన విషయం అదొక్కటే.

లోపలి గది తలుపు దగ్గరికి శైలజ వచ్చింది.

“సార్, ఆడికి ఎన్నింటికి రావల్ల?”

“ఎనిమిదికి ఓపీ చీటీలు ఇస్తారమ్మా.”

“సరే సార్.”

“ఏందే, మేం మాట్లాడతాండాం గదా,” అన్నాడు తండ్రి.

“మాట్లాడండి నాయనా,” అని లోపలికి వెళ్లింది.

మర్నాడు ఉదయం ఆసుపత్రికి వెళ్లేసరికి శైలజ పిల్లల వార్డు వరండాలో ఉంది. మొదటి బస్సుకు సుజాతను తోడు తీసుకుని వచ్చింది. ప్రసాద్ అంగడి తెరవకుండా బస్టాండుకు వచ్చి కలుసుకున్నాడు. నర్సు అతన్నే కూర్చోబెట్టి, బిడ్డ తలను ఎలా నిలపాలో చూపించింది. శైలజ పిండిన పాలను గిన్నెతో బుగ్గ పక్కగా పోసింది. కొంత ముక్కులోంచి వచ్చింది, ఎక్కువ భాగం లోపలికి దిగింది. గిన్నె ఖాళీ అయ్యాక పాప ఇంకా కావాలని ఏడ్చింది. అంతకుముందు రోజు ఆ గొంతులో ఏడ్చే ఓపిక కూడా లేదు.

ఈలోపు గేటు దగ్గర రెండు కార్లు ఆగాయి. తాతలిద్దరూ, తిరుగు ప్రయాణం ఎవరి కారులో అని వాదించుకుంటూ మెట్లెక్కారు.

ఈ కేసు తర్వాత నేను పని క్రమం మార్చుకున్నాను. అలాంటి ఇంటికి వెళితే ముందు బిడ్డకు పాలు పట్టించి, తల్లితో ప్రయాణం ఖాయం చేసుకునేవాణ్ణి. కారణాలు అడిగినవారికి జవాబు ఆ తర్వాతే.

వరండాలో ఆ ఏడుపు విని తాతలిద్దరూ ఆగారు.

“గొంతు చూడప్పా, అచ్చం మా అమ్మది,” అన్నాడు నాగయ్య శెట్టి.

“మీ అమ్మది యాడిది బావా? అది మా ఇంటి గొంతు,” అన్నాడు సుబ్బరాయ శెట్టి.