సర్వరుకు పెట్టిన గంధం బొట్టు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతలకాలమేమీ కాదు, నా చేతికి స్మార్ట్‌ఫోనూ ఒంటి మీదికి కంపెనీ టీషర్టూ కొత్తగా వచ్చిన రోజుల్లో, కోయంబత్తూరులో మా చుట్టాలు ఎవరు కలిసినా "మీ కంపెనీలో ఏం చేస్తారప్పా?" అని అడిగేవారు. చేయడమంటే తయారుచేయడమని. ఒకరింట్లో పంపులు, ఒకరింట్లో మోటార్లు, ఇంకొకరింట్లో గ్రైండర్లు తయారయ్యే కుటుంబాలు మావి. చేత్తో పట్టి చూపించలేనిదాన్ని మావాళ్ళు వస్తువుగా ఒప్పుకోరు. నేను "సాఫ్ట్‌వేర్" అనేవాణ్ణి. "అది సరి, చేసేది ఏంది?" అని మళ్ళీ మొదటికొచ్చేవారు. చెప్పీ చెప్పీ కొన్నాళ్ళకు నాకే అనుమానం పట్టుకుంది.

మా కంపెనీ ఆ ఊళ్ళోనే సింగానల్లూరులో చిన్నాయన పంపుల వర్క్‌షాపు మేడమీది గదిలో ఉండేది. కంపెనీ అంటే నేను, గ్యారంటీ అన్న, మూలనొక సర్వరు. గ్యారంటీ అన్న మా యజమాని. రస్ట్ అనే కొత్త ప్రోగ్రామింగ్ భాష మీద ఆయనకున్న నమ్మకం చూసి నేను పెట్టిన పేరది. "పెద్ద పెద్ద కంపెనీలోళ్ళు పాతవి పారేసి దీంట్లో రాసుకుంటా ఉండారు తంబీ. తప్పు రాస్తే సరిచూసే కంపైలరే ఒప్పుకోదు. అది ఒప్పుకున్నాక ప్రోగ్రాము నడుస్తా నడుస్తా పడదు, గ్యారంటీ" అనేవాడు. (రస్టంటే ఇంగ్లీషులో తుప్పు అని, ఇనుముతో బతికే చిన్నాయన దగ్గర మేమిద్దరం ఎన్నడూ నోరు జారలేదు.) పొలంలో మోటారును ఫోనులోంచే వేసి ఆపే పెట్టె ఒకటి చేశాం. ఫోనులో నొక్కింది మా మూలనున్న సర్వరుకు చేరి, అక్కణ్ణించి పెట్టెకు పోయేది. వాడిపట్టి అనే ఊళ్ళో మోటార్ల కొట్టున్న ఒక పెద్దాయన దాన్ని తన బావి మోటారుకు బిగించుకుని పరీక్షిస్తున్నాడు. ఆయనా తెలుగువాడే కాబట్టి, చుట్టరికం లేకపోయినా మామా అనేవాణ్ణి. నచ్చితే ఆయన కొట్టు నిండా మా పెట్టెలే. నచ్చకపోతే ఏమవుతుందో చిన్నాయన ముందే చెప్పాడు. మేడమీది గదిలోకి పంపుల అట్టపెట్టెలు వస్తాయి, నేను కింద డ్రిల్లింగు మిషను దగ్గరికి పోతాను.

ఇంతలో ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో లేత్ మొదలు స్పానరు దాకా అన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, మర్నాడు పొద్దుటి దాకా ముట్టుకోరు. పనిముట్లకు అది సెలవు. చిన్నాయన పళ్ళెం పట్టుకుని మేడెక్కి "నీ ఆయుధం ఏదిరా?" అన్నాడు. నేను ల్యాప్‌టాపు చూపించాను.

"ఇది బల్ల మాదిరి ఉండాది. పని దేంతో చేస్తావు?"

"భాషతో చిన్నాయనా."

"దానికి బొట్టు యాడ పెట్టాల?"

ఇంత చదువు చదివీ ల్యాప్‌టాపును అటూ ఇటూ తిప్పి చూశాను. చివరికి రాసిన ప్రోగ్రామును కాగితాల మీద అచ్చు తీసి, ల్యాప్‌టాపుతో కలిపి చిన్నమ్మకు ఇచ్చాను. ఆవిడ రెంటినీ సరస్వతి పటం ముందు పెట్టి, పూలు వేసి, "రేపు పొద్దున దాకా ముట్టకూడదు సామీ" అంది. చిన్నాయన పళ్ళెంతో గదిలోనే తచ్చాడుతుంటే నేను కింద మరమరాలు పంచే చోటికి దిగిపోయాను.

నోట్లో మరమరాలు ఉండగానే వాడిపట్టి మామ ఫోను. "ఏమప్పా, నీ పెట్టె పలకలేదే! ఎంత నొక్కినా ఫోనులో చక్రం చుట్టుకుంటానే ఉండాది..." అంటుండగా వాకిట్లో దిష్టి గుమ్మడికాయ పగిలింది, లైను తెగింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. కళ్ళ ముందు డ్రిల్లింగు మిషను గిర్రున తిరిగింది. మేడ మీదికి పరుగెత్తి గ్యారంటీ అన్నకు ఫోను చేశాను.

"పడదు తంబీ."

"పడిందన్నా!"

"రస్ట్‌లో పడదు."

"మరి పలకడం లేదే!"

"పలకకపోయేది వేరు, పడేది వేరు" అన్నాడాయన. నాకున్న అయోమయానికి ఇది తోడైంది. ప్రోగ్రాములో ఒకచోట 'ఇక్కడ తప్పు రాదులే' అని ధీమాగా వదిలేసిన వరుస గుర్తొచ్చింది. చూద్దామంటే ల్యాప్‌టాపు పూల కింద ఉంది. కాగితాలైనా ఇమ్మని చిన్నమ్మను బతిమాలితే, "పూజలో పెట్టింది చదివితే చదువు రాదురా" అంది. (వచ్చిన చదువు మాత్రం ఆ క్షణాన ఎక్కడుందో!) మళ్ళీ గదిలోకొచ్చి కూలబడ్డాను. తల మీద ఫ్యాను ఆగి ఉంది. సరిగ్గా దాని కిందే కూర్చుని, టీషర్టుతో చెమట తుడుచుకుంటూ, ప్రపంచంలో ఇంకెవరికైనా ఇలాంటి తప్పు వచ్చిందా అని ఫోనులో వెతుకుతున్నాను.

చిన్నాయన వచ్చాడు. "ఏందిరా, ఉడికిపోతా ఈడ కూర్చుండావు?"

"సర్వరు పలకడం లేదు చిన్నాయనా!"

"ఎట్లా పలుకుతుంది? మెయిన్ నేనే దా దించినాను. కింద లేత్‌కు సెలవు, నీ మిషన్‌కు వద్దా?"

"మరి ఇన్వర్టరు?"

"దాన్నీ ఆపేస్తిని. అది మాత్రం ఏం పాపం చేసింది?"

అప్పుడు మూలకు చూశాను. సర్వరు గంధం, కుంకుమ పెట్టించుకుని, నెత్తిన చామంతి పువ్వుతో హాయిగా విశ్రాంతి తీసుకుంటోంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మెయిన్ వేయమని చిన్నాయనను అడిగే ధైర్యం లేక, వాడిపట్టి మామనే కాళ్ళావేళ్ళా పడి బతిమాలుదామని మళ్ళీ ఫోను చేశాను. ఈసారి ఎత్తాడు.

"పూజలో ఉంటినప్పా. నా మోటారుకూ బొట్టు పెట్టి ఆపిండాను, ఈ పొద్దు ఎవురు వేస్తారు? మా ఇంటిది ఊరికే నొక్కి చూసింది. పలకలా. పరవాలేదే, కోయమ్ముత్తూరులో మనోళ్ళు మిషన్‌కూ సెలవు ఇచ్చిండారు, పద్ధతి తెలిసినోళ్ళు అనుకుంటి. అది చెప్పేకే నీకు ఫోన్ చేస్తి. ప్రతి ఏడూ ఇట్లా దా కదా?"

నేను చిన్నాయనను చూశాను. "ఆమా మామా, అవును, ప్రోగ్రాములోనే ఉండాది" అన్నాను.

ఆర్డరు వచ్చింది. అన్న మాట నిజం చేయడానికి, ఆయుధ పూజనాడు ఫోనులోంచి మోటారును ఆపడానికే తప్ప వేయడానికి వీల్లేకుండా కొత్త వరుసలు రాశాను. కంపైలరు ఒక్క ముక్క అనకుండా ఒప్పుకుంది. గ్యారంటీ అన్న దీన్నంతా రస్ట్ గొప్పతనం కిందే జమకట్టాడు.

ఇప్పుడు మా సర్వర్లు ఏ ఊళ్ళో ఉన్నాయో నాకే తెలియదు. వాటి మెయిన్ దించడానికి చిన్నాయన లేడు, ఆ వర్క్‌షాపూ లేదు. కొత్తగా చేరినవాళ్ళు ఆ వరుసలు చూసి "ఇవెందుకు సార్, తీసేద్దామా?" అంటారు. కస్టమరు అడిగాడని చెప్పి ఊరుకుంటాను. ఏటా ఆ రోజు ల్యాప్‌టాపుకు బొట్టు పెట్టి, ఇంట్లో మెయిన్ దించి, కాసేపు ఆగిన ఫ్యాను కింద కూర్చుంటాను. చిన్నాయన మీద బెంగగా ఉంటుంది. మరుక్షణం, చెమటలు కారుతుండగా ఫోనులో ప్రపంచమంతా గాలించిన ఆ టీషర్టు కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, ఒక్కసారి తలెత్తి పైకి చూసి ఉంటే సరిపోయేది.